చెత్త ఏది, ఆస్తి ఏది? – ఇంటి కంప్యూటరును శుభ్రపరచుకొనుట గురించి



ఒకప్పుడు కంప్యూటరును చూడవలెనంటే పొద్దుటూరులో డి.టి.పి. సెంటరుకు పోవలసినదే. ఈనాడు పల్లెలలో కూడ అది ఇంటి సామానులలో ఒకటైనది. 2020లో కరోనా వలన బడులు మూతపడినప్పుడు పిల్లల ఆన్‌లైన్ పాఠముల కొరకు అప్పు చేసి సెకండ్ హ్యాండు కంప్యూటరు కొన్న కుటుంబములు మన సంఘములలో ఉన్నవి. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనో, పులివెందుల ఇంజనీరింగు కళాశాలలోనో చదివే బిడ్డ లాప్‌టాప్ సెలవులలో ఇంటికి వస్తుంది. తరువాత పిల్లలు పెద్దవారై ఉద్యోగములకు వెళ్ళిపోతారు. కంప్యూటరు మాత్రము వసారాలో గుడ్డ కప్పుకొని ఇంటిల్లిపాది సొత్తుగా మిగిలిపోతుంది. నాయన పొలము కాగితములు, అమ్మ పొదుపు సంఘము లెక్కలు, అక్క పెండ్లి ఫోటోలు, తమ్ముడి ఆటలు అన్నీ అందులోనే చేరుతవి.

ఐదారేండ్లు గడిచేసరికి ఆ యంత్రము అలసిపోతుంది. మీట నొక్కి, టీ కాచుకొని వచ్చేదాకా తెర వెలగదు. సి-డ్రైవు గీత ఎర్రబడి, ఇక చోటు లేదని చెప్తూ ఉంటుంది. అప్పుడు దానిని మోటారు సైకిలు మీద పెట్టుకొని పట్టణములోని దుకాణమునకు తీసికొనిపోతాము. అక్కడి పిల్లవాడు చూచి, “ఫార్మాట్ కొట్టేస్తే సరిపోతాది లేన్నా, కొత్తదాని మాదిరి పరిగెత్తుతాది” అంటాడు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ కంపెనీ సాధారణ మద్దతు ముగిసినది గనుక ఈ మాట ఇప్పుడు మరింత ఎక్కువగా వినబడుచున్నది. పాతది తీసి కొత్తది వేయించుకొనుటకు వెళ్ళిన వారందరికీ ఇదే సలహా.

ఆ పిల్లవాని తప్పేమీ లేదు. అతడు చాలాసార్లు “లోపల డేటా ఏమన్నా కావాలానా?” అని అడుగుతాడు కూడ. మనమే తొందరలో “ఏముంటాదిలేప్పా అందులో, పిల్లోళ్ళ ఆటలే గదా” అని చెప్పి వస్తాము. ఇంటి నుండి బయలుదేరక ముందు, ఇంట్లోని వారందరూ కూర్చొని జవాబు చెప్పుకొనవలసిన ప్రశ్న అది. ఫార్మాట్ చేయుట అంటే ఏరి పారవేయుట కాదు, ఉన్నదంతా తుడిచివేయుట. కల్లములో తాలు ఎక్కువైనదని శనగల రాశికే నిప్పు పెట్టే రైతు లేడు. తూర్పారబట్టి, తాలును గాలికి వదలి, గింజను ఇంటికి తెచ్చుకొంటాడు. కంప్యూటరుకు కావలసినది కూడ తూర్పారబట్టుటే.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. కల్లములో తాలు తేలికగా ఉంటుంది, గింజ బరువుగా ఉంటుంది. కంప్యూటరులో చాలాసార్లు దీనికి తలక్రిందులు. బరువైనవన్నీ పనికిమాలినవి, విలువైనవి ఊదితే ఎగిరిపోయేటంత చిన్నవి.

జమ్మలమడుగు దగ్గర ఒక పల్లెలో మన సంఘస్థుల కుటుంబము ఒకటి ఉన్నది. కూతురు కువైటులో ఇంటి పనికి పోయినది. ఆమె బిడ్డలను అవ్వ పెంచినది. అవ్వకు చదువు రాదు గనుక ఉత్తరము లేదు, మెసేజీ లేదు. మనుమడు నేర్పిన ప్రకారము వాట్సాప్‌లో మీట పట్టుకొని మాట్లాడి పంపేది. పిల్ల జ్వరము తగ్గిన సంగతి, ఎనుము ఈనిన సంగతి, ఆదివారము అయ్యగారు ఏమి ప్రసంగించినారో ఆ సంగతి, చివరకు కూతురి కొరకు నాలుగు మాటల ప్రార్థన. 2021లో కరోనా రెండవసారి విజృంభించినప్పుడు అవ్వ ప్రభువునందు నిద్రించినది. మనుమడు బుద్ధిమంతుడు. ఆమె ఫోను పాడుకాక ముందే అందులో ఉన్నదంతా ఇంటి కంప్యూటరులోకి ఎక్కించినాడు.

రెండేండ్ల తరువాత వాని చిన్నాయన కంప్యూటరును శుభ్రము చేయబోయి, ‘వాట్సాప్ వాయిస్ నోట్స్’ అను ఫోల్డరును చూచినాడు. లోపల 202114, 202115 అని అంకెల పేర్లతో అరలు. వాటిలో పి.టి.టి. అని మొదలయ్యే, అర్థము కాని పేర్లుగల ఫైళ్ళు. నొక్కితే తెరుచుకొనలేదు. ఏదో యంత్రము పెట్టుకొన్న చెత్త అనుకొని అంతా తీసివేసినాడు. నిజమునకు ఆ అంకెలు సంవత్సరమును, ఆ సంవత్సరములో ఎన్నవ వారము అనుదానిని తెలుపుతవి. ఆ ఫైళ్ళు ‘ఓపస్’ అను రకమునకు చెందినవి. వి.ఎల్.సి. వంటి ప్లేయరులో తెరిస్తే మాట వినబడుతుంది. ఆ విధముగా దాచిన గంటసేపు మాటలకు, ఫోనుతో తీసిన వీడియోలో పది సెకండ్లకు పట్టేంత చోటు చాలును. అంటే చిన్నాయనకు కలిసివచ్చిన చోటు ఏమీ లేదనే చెప్పవచ్చును.

సెలవుకు ఇంటికి వచ్చిన కూతురు తల్లి గొంతు వినవలెనని అడిగినప్పుడు గాని సంగతి బయటపడలేదు. అయితే వాట్సాప్‌లో పంపిన మాట పంపినవారి ఫోనులో ఒకటి, అందుకొన్నవారి ఫోనులో ఒకటి ఉంటుంది. అవ్వ కూతురికి పంపినవి ఆమె కువైటు ఫోనులో భద్రముగా ఉన్నవి. స్త్రీల కూడిక గ్రూపులో పెట్టిన ప్రార్థనలు కొన్ని సంఘములోని సహోదరీల ఫోనులలో దొరికినవి. పెద్ద కుమారునికి పంపినవి మాత్రము దొరకలేదు, అతడు ఆ ఫోను ఎప్పుడో అమ్మివేసినాడు.

రెండుచోట్ల ఉన్నది మిగిలినది, ఒక్కచోట ఉన్నది పోయినది. యిర్మీయా గ్రంథము 32వ అధ్యాయము చదివిన రైతు బిడ్డలకు ఇది కొత్త సంగతి కాదు. బబులోను సైన్యము యెరూషలేమును ముట్టడించియుండగా, ప్రవక్త చెరసాల ప్రాకారములో ఉండగా, తన పినతండ్రి కుమారుని యొద్ద అనాతోతులోని పొలమును కొన్నాడు. ఆ క్రయపత్రము రెండు ప్రతులు. ఒకటి ముద్ర వేసినది, ఒకటి విప్పి చూచుకొనుటకు వీలైనది. సాక్షులు సంతకము చేసిన తరువాత ఆ రెంటినీ బారూకు చేతికిచ్చి, బహు దినములు ఉండునట్లు మట్టికుండలో పెట్టుమని చెప్పినాడు. మట్టికుండ ఎంత గట్టిదో 1947లో మృతసముద్రపు గుహలలో దొరికిన చుట్టలు లోకమునకు చూపించినవి. (మన దక్షిణ ఇండియా సంఘము ఏర్పడిన సంవత్సరమే అది.) సైన్యము గోడల దగ్గరికి వచ్చినప్పుడు కూడ ప్రవక్త రిజిస్ట్రేషను కాగితము సంగతి మరచిపోలేదు.

గనుక తొలగించుట కంటె ముందు చేయవలసిన పని దాచుకొనుట. ముఖ్యమైనవన్నీ ఒక ఫోల్డరులోకి చేర్చి, ఒక పెన్ డ్రైవులోనో, విడి హార్డ్ డిస్కులోనో ఒక ప్రతి ఎక్కించండి. ఇంకొక ప్రతి మరియొక ఇంటిలో ఉండవలెను. మీరు పులివెందులలో ఉంటే అది పొద్దుటూరులోని మీ అన్నగారి ఇంటిలో ఉండనివ్వండి. ఒకే బీరువాలో రెండు ప్రతులు పెట్టుట రెండు ప్రతులు కావు. 2021 నవంబరు 19న అన్నమయ్య జలాశయము కట్ట తెగి చెయ్యేరు ఊళ్ళ మీద పడినప్పుడు ట్రంకు పెట్టెలు, బీరువాలు, వాటిలోని పట్టాలు, సర్టిఫికెట్లు అన్నీ ఒక్కసారే పోయినవి. ఇంటర్నెట్టు బాగుగా ఉన్నవారు గూగుల్ వారి ఉచిత 15 జి.బి. చోటును కూడ వాడుకొనవచ్చును. అయితే దాని సంకేతపదము ఇంటిలో ఒక్కరికే తెలిసియుండుట మంచిది కాదు.

పెన్ డ్రైవు మట్టికుండ వంటిది కాదని కూడ చెప్పవలెను. ఏండ్ల తరబడి వాడకుండ పెడితే అందులోని సమాచారము చెడిపోయే అవకాశమున్నది. సంవత్సరమునకు ఒకసారి తెరచి చూచి, నాలుగైదు ఏండ్లకు ఒకసారి కొత్తదానిలోకి మార్చుకొనవలెను.

ఇప్పుడు తాలు సంగతి చూద్దాము. యంత్రము తన పని తాను చేసుకొంటూ పోగుచేసే చెత్త కొంత ఉంటుంది. దానిని తీయుటకు ఏ దుకాణమునకు పోనక్కరలేదు. విండోస్ 98 నుండి డిస్క్ క్లీనప్ అను పనిముట్టు అందులోనే ఉన్నది. విండోస్ 10, 11లలో ‘సెట్టింగ్స్’లో ‘సిస్టమ్’, అందులో ‘స్టోరేజ్’ తెరిస్తే ఏది ఎంత చోటు తినుచున్నదో అదే చూపిస్తుంది. ‘టెంపరరీ ఫైల్స్’ అని ఉన్నచోట నొక్కితే తీసివేయదగిన వాటి జాబితా వస్తుంది. విండోస్ కొత్త దఫా వేసుకొన్నప్పుడు పాతదంతా ‘విండోస్ డాట్ ఓల్డ్’ అను ఫోల్డరులో పది దినములపాటు నిలిచి, చాలా చోటు ఆక్రమిస్తుంది. అది తనంతట తానే పోతుంది గనుక తొందరపడనక్కరలేదు.

ఆ జాబితాలో ఒక్కచోట మాత్రము కన్ను తెరచి చూడవలెను. ‘డౌన్‌లోడ్స్’ అనునది కూడ అక్కడే ఉంటుంది. మన ఇళ్ళలో డౌన్‌లోడ్స్ చెత్తబుట్ట కాదు. హాల్ టికెట్టు, మార్కుల జాబితా, అడంగలు, పాస్‌పోర్టు అర్జీ, అన్నీ మొదట పడేది అక్కడే, చాలాసార్లు చివరిదాకా ఉండేదీ అక్కడే. 2018లో డిస్క్ క్లీనప్ జాబితాలోకి కూడ దీనిని చేర్చి, చాలామంది ఫిర్యాదు చేసిన తరువాత 2020లో తీసివేసినారు. అదే 2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 దఫా కొందరి పత్రములను తుడిచివేసినందున మైక్రోసాఫ్ట్ వారు దాని పంపిణీనే కొన్నాళ్ళు ఆపుకొనవలసి వచ్చినది. అంత పెద్ద కంపెనీకే పొరపాటు జరిగినప్పుడు, జాబితాలో ప్రతి గడిలో టిక్కు పెట్టి కళ్ళు మూసుకొని మీట నొక్కుట మనకు తగదు.

ఇంటర్నెట్టులో “మీ కంప్యూటరులో 1,000 లోపములున్నవి, వెంటనే శుభ్రపరచుకొనుడి” అని ఎర్రక్షరములతో ఎగిరివచ్చే ప్రకటనలను అసలే నమ్మవద్దు. ప్రకటనలు అట్లుంచండి, పేరున్న శుభ్రపరచే పనిముట్టు అయిన సీక్లీనరులోకే 2017లో దొంగలు జొరబడి, దాని ద్వారా ఇరువది లక్షలకు పైగా కంప్యూటర్లలోకి హానికరమైన ప్రోగ్రామును పంపినారు. యంత్రముతో కూడ వచ్చిన చీపురు మన అవసరమునకు చాలును. ‘విండోస్’, ‘ప్రోగ్రామ్ ఫైల్స్’ అను ఫోల్డరులలోకి పోయి చేతితో ఏదీ పెరకవద్దు. అక్కర లేని ప్రోగ్రాములను సెట్టింగులలోని ‘యాప్స్’లో నుండి ‘అన్ఇన్‌స్టాల్’ చేయుట సరియైన మార్గము.

తొలగించినది ఎక్కడికి పోతుంది? రీసైకిల్ బిన్‌లోకి. అది మన పల్లె ఇండ్ల ముందరి దిబ్బ వంటిది. ఊడ్చిన కసువు దిబ్బ మీద వేస్తాము. పొరపాటున ముక్కుపుడక అందులో పడితే కట్టెపుల్లతో కెలికి వెదకుకొంటాము. వేసవిలో బండి కట్టి ఎరువును చేనికి తోలిన తరువాత వెదకి ప్రయోజనము లేదు. బిన్ ఖాళీ చేయుట అంటే బండి తోలినట్లు. ఖాళీ చేసేదాకా చోటు కలిసిరాదన్నది కూడ నిజమే. గనుక తొలగించిన తరువాత వారము పది దినములు ఆగి, ఇంట్లో వారెవరూ “అది ఏది?” అని అడుగకపోతే అప్పుడు ఖాళీ చేయండి. పెన్ డ్రైవులో నుండి తొలగించినది మాత్రము సాధారణముగా ఈ దిబ్బ మీదికి రాదు, నేరుగా పోతుంది. షిఫ్ట్ మీట పట్టుకొని డిలీట్ నొక్కినా అంతే. పాత రకపు హార్డ్ డిస్కులో పోయిన దానిని తెలిసినవారు కొన్నిసార్లు తిరిగి తీయగలరు. ఇప్పుడు వస్తున్న ఎస్.ఎస్.డి.లలో ఆ ఆశ చాలా తక్కువ.

ఇక మనము పోగుచేసిన బరువు. ఇందులో తొంబది పాళ్ళు వీడియోలే ఉంటవని ఏ ఇంటిలో చూచినా తెలుస్తుంది. ఫోనుతో తీసిన ఒక నిమిషము స్పష్టమైన వీడియోకు సుమారు 100 ఎం.బి. చోటు పడుతుంది. ఆ చోటులో బైబిలులోని అక్షరములన్నిటిని, ఆదికాండము మొదలు ప్రకటన వరకు, అనేకమార్లు వ్రాసి పెట్టుకొనవచ్చును! ఫోల్డరు తెరచి, వివరములు కనబడునట్లు ‘డీటెయిల్స్’ అని పెట్టుకొని, ‘సైజు’ అన్నచోట నొక్కితే పెద్దవన్నీ పైకి వస్తవి. పై నుండి ఇరువది చూచి తీసివేస్తే చాలు, ఎర్రగీత నీలమవుతుంది. ఒక దినమంతా కూర్చొని వేలకొలది చిన్న ఫోటోలను ఏరుట కంటె ఇది మేలు. ఒకే పెండ్లి వీడియో ఫోను నుండి ఒకసారి, పెన్ డ్రైవు నుండి ఒకసారి, బావమరిది పంపినది ఒకసారి, ఇట్లు మూడు చోట్ల ఉంటుంది. సినిమాల సంగతి నేను చెప్పనక్కరలేదు, అవి ఎవరివో ఇంట్లో అందరికీ తెలుసు.

మన విశ్వాసుల ఇండ్లలో ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటి ఉన్నది. ప్రతి ఉదయము ఫోనుకు వచ్చే వాక్యపు బొమ్మలు, జనవరి 1న వచ్చే వాగ్దానపు కార్డులు, గొర్రెపిల్లను ఎత్తుకొన్న ప్రభువు చిత్రములు వేలకు వేలు పేరుకొనిపోతవి. పెద్దవారు వాటిని తీయనివ్వరు. “దేవుని వాక్యమును చెత్తలో వేస్తావా?” అంటారు. ఆ భయములో భక్తి ఉన్నది గనుక పిల్లలు నవ్వకూడదు. ఏమనగా, పాత బైబిలు పుట చినిగితే దానితో పొట్లము కట్టని పెద్దలు వారు. అయితే నా అభిప్రాయము చెప్తాను. వాక్యము ఆ బొమ్మలో లేదు, బొమ్మ వాక్యమును మోసికొనివచ్చినది. ఉత్తరము చదివి సంగతి గ్రహించిన తరువాత కవరును పారవేస్తే ఉత్తరము వ్రాసినవానికి అవమానము కాదు. తీసివేయుటకు మనస్సు ఒప్పకపోతే ఒక పని చేయండి. పెద్దమ్మను ప్రక్కన కూర్చోబెట్టుకొని, ఆమెకు కష్టకాలములో ఆదరణ ఇచ్చిన నాలుగైదింటిని ఆమెనే ఏరమనండి. ఏ దినమున, ఏ కష్టములో వచ్చినదో ఆమె చెప్తుంది, దానిని ఫైలు పేరుగా వ్రాయండి. మిగిలినవి ఆమెనే తొలగించమంటుంది.

పొలము కాగితముల విషయములో దీనికి భిన్నముగా నడుచుకొనవలెను. ‘మీ భూమి’ నుండి దింపుకొన్న 1-బి., అడంగలు నకళ్ళు ఒకే పేరుతో, ప్రక్కన బ్రాకెట్టులో 1, 2, 3 అని అంకెలతో చేరుతవి. చూచుటకు ఒకటే మాదిరి ఉంటవి గనుక చివరిది ఉంచి మిగిలినవి తీసివేద్దామనిపిస్తుంది. ఆగండి. అడంగలు ఒక ఫసలీకి సంబంధించినది, ఆ సంవత్సరము ఆ చేనులో ఏ పైరు ఉన్నదో, ఎవరు సేద్యము చేసినారో తెలిపేది. ఫసలీ 1434 అంటే 2024 జులై నుండి 2025 జూన్ వరకు. నిరుటిదానికి ఈ ఏటిది బదులు కాదు. పాలివారితో గట్టు తగాదా వచ్చినప్పుడు, పంట నష్టము అడిగినప్పుడు పాతదే సాక్ష్యము చెప్తుంది. ఒక్కొక్కదానిని తెరచి, సర్వే నంబరు, ఫసలీ కలిపి పేరు మార్చి పెట్టుకొనవలెను. నిజముగా ఒకటే అయినవాటిని మాత్రము తీయవచ్చును.

ఒకటే మాదిరి కనబడేవి ఒకటే కావని మన జిల్లాకు మొదట నేర్పినవాడు సి.పి. బ్రౌను దొర. ఆయన 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చి, తరువాత ఇక్కడ బంగళా కొని, పండితులను పెట్టి ఒకే తెలుగు గ్రంథమునకు పలు తాళపత్ర ప్రతులు తెప్పించి, వాటిని ఒకదానితో ఒకటి పోల్చి సరిచూపించినాడు. ఆ బంగళా ఉన్న చోటనే నేడు ఆయన పేరిట గ్రంథాలయమున్నది. ఆయన మొదటి ప్రతి దొరకగానే చాలును, మిగిలినవి పారవేయండి అని ఉంటే ఎన్ని పద్యములు తప్పులతోనే మిగిలేవో!

ఇంటి ఫోటోలలో కూడ ఇట్టివి ఉంటవి. 2020లో గండికోట జలాశయములో నీరు నిలిపినప్పుడు తాళ్ళపొద్దుటూరు మునిగినది, కుటుంబములు ఇండ్లు విడిచి పోవలసి వచ్చినది. అటువంటి ఊరివారికి మసకగా, వంకరగా వచ్చిన ఫోటో వెనుక కనబడే గడప, వీధి చివర వేపచెట్టు ఇక వేరెక్కడా లేవు. బాగుగా రాని ఫోటోలు తీసివేయండి అని సలహా ఇచ్చేవారు ఈ ఊళ్ళను చూడలేదు. జమ్మలమడుగు కాంబెల్ ఆసుపత్రి చీటీల ఫోటోలు, స్కానింగు రిపోర్టులు, కువైటుకు పోయివచ్చినవారి పాత పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందపు ప్రతులు కూడ గడువు ముగిసినవని తీయవద్దు. బాకీ జీతము అడగవలసి వచ్చినా, మరల అర్జీ పెట్టుకొనవలసి వచ్చినా అవే ఆధారము.

సంఘ పెద్దల ఇండ్లలోని కంప్యూటరుల గురించి రెండు మాటలు. క్రిస్మసు కార్యక్రమములు, పాటల కాగితములు, సంఘ చరిత్ర సావనీర్లు ఒకప్పుడు పేజ్‌మేకరులో, అను ఫాంట్లతో కూర్చినవి. అవి కొత్త కంప్యూటరులో తెరిస్తే తెలుగునకు బదులు అర్థము లేని ఇంగ్లీషు అక్షరములు, గుర్తులు కనబడుతవి. ఫైలు చెడిపోయినదనుకొని తీసివేసేవారున్నారు. అది చెడిపోలేదు. ఆ ఫాంట్లలో తెలుగు రూపములను ఇంగ్లీషు అక్షరముల స్థానములలో కూర్చోబెట్టినారు, అంతే. తెలుగునకు యూనికోడులో సొంత స్థానము 1991లోనే వచ్చినను, మన డి.టి.పి. సెంటర్లు చాలాకాలము పాత పద్ధతినే వాడినవి. పేజ్‌మేకరు ఇంకను ఉన్న సెంటరుకు ఆ ఫైళ్ళను తీసికొనిపోయి పి.డి.ఎఫ్.గా మార్పించుకొనవలెను, వీలైతే యూనికోడులోకి కూడ. మందిరము బాగుచేయుచుండగా ధర్మశాస్త్ర గ్రంథము దొరికినదని రాజులు రెండవ గ్రంథము 22వ అధ్యాయములో చదువుచున్నాము. హిల్కీయా యాజకుడు దానిని ఏదో పాత చుట్ట అని బయట వేయలేదు, షాఫాను చేతికిచ్చినాడు, అతడు దానిని చదివినాడు.

అయితే అదే కంప్యూటరులో తప్పక తీసివేయవలసినవి కూడ ఉన్నవి. ఏదో పథకమునకనో, పిల్లల హాస్టలు సీటుకనో, సంఘస్థులు పంపిన ఆధారు కార్డులు, బ్యాంకు పుస్తకములు, రేషను కార్డుల ఫోటోలు. పని ముగిసి ఏండ్లయినా అవి అక్కడే పడియుంటవి. అవి మనవి కావు. ఒక విధవరాలి బ్యాంకు పుస్తకము ఫోటో, ఆమె ఆధారు, ఆమె ఫోను నంబరు ఒకే ఫోల్డరులో ఉంటే, ఆ కంప్యూటరు బాగుచేయుటకు బయటికి పోయిన దినమున ఎవరి చేతిలోనైన పడవచ్చును. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో కేంద్ర ప్రభుత్వము చట్టము కూడ చేసినది. చట్టము మాట అట్లుంచి, మనలను నమ్మి ఇచ్చినారు. పని కాగానే తీసివేసి, “అమ్మా, నీ కాగితములు తీసివేసినాను” అని ఆమెతో ఒక మాట చెప్పుట ధర్మము. బాప్తిస్మపు రిజిస్టరు, వివాహపు రిజిస్టరు ఫోటోలు మాత్రము సంఘము సొత్తు. వాటిని తొలగించే అధికారము ఏ ఒక్క కార్యదర్శికీ లేదు.

ఇంటిలో ఈ పని ఒక్కరు చేయకూడదు. ఆదివారము ఆరాధన ముగించి, భోజనము చేసి, అందరూ ఉన్న సమయములో ఒక గంట కూర్చోండి. ఎవరి ఫోల్డరు వారే తెరచి ఏరుకొనవలెను. ఎదిగిన ఆడపిల్ల ఫోల్డరును తండ్రి గాని అన్న గాని ఆమె లేనప్పుడు తెరచి, శుభ్రము పేరుతో తనిఖీ చేయుట శుభ్రపరచుట కాదు. ఆమెతో, “అమ్మాయీ, చోటు చాలుటలేదు, నీవి నీవే చూచుకో తల్లీ” అంటే చాలును. చిన్నపిల్లల చేతిలో పెట్టిన దానిని పెద్దవారు చూడవలసిందే, అది వేరు విషయము. ఫలానా ఫైలు ఎవరిదో తెలియనప్పుడు, ‘అడగవలసినవి’ అని ఒక ఫోల్డరు చేసి అందులో వేసి, దూరాన ఉన్న అక్కకో చిన్నాయనకో ఫోను చేసి అడగండి. బెంగుళూరులో ఉన్న బిడ్డకు ఫోను చేయుటకు ఇది కూడ ఒక కారణమవుతుంది.

పెన్ డ్రైవుకు చిన్న కాగితము అంటించి, అందులో ఏమున్నది, ఏ తేదీన ఎక్కించినది వ్రాసి, బైబిలు పెట్టే గూటిలో గాక పట్టా కాగితములు పెట్టే పెట్టెలో పెట్టండి. గూటిలోనిది పిల్లలు పాటలు ఎక్కించుకొనుటకు తీసికొనిపోతారు.

కంప్యూటరునే అమ్మివేయదలచినవారు మామూలు ఫార్మాట్‌తో సరిపెట్టవద్దు. పైపైన చేసిన ఫార్మాట్ తరువాత కూడ పాత హార్డ్ డిస్కులో నుండి ఫైళ్ళను తిరిగి లాగగలరు. విండోస్‌లోని ‘రీసెట్ దిస్ పి.సి.’లో ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ ఎన్నుకొని, దాని సెట్టింగులలో ‘క్లీన్ డేటా’ అనుదానిని ఆన్ చేయవలెను. దానికి కొన్ని గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోవచ్చును. కరెంటు పోని రాత్రి చూచుకోండి. అసలు ఆన్ కాకుండ పాడైపోయిన కంప్యూటరు అయితే, పాత సామాను వానికి తూకమునకు వేయక ముందు హార్డ్ డిస్కును విప్పించి ఇంట్లోనే ఉంచుకొనవలెను.